పావు తిప్పు

మా ఇంట్లో తాత కట్టిన కుళాయిని
ఇంకెవరూ విప్పలేరు.
స్నానానికి ముందు పెద్దత్త
పటకారు పట్టుకుని వచ్చేది, గొణుక్కుంటూ.
నెలకో వాషరు.
గ్యాసు మీట, దగ్గు మందు సీసా,
ఆఖరికి నా బలపాల డబ్బా మూత:
కట్టేసి, రెండడుగులేసి, వెనక్కొచ్చి
ఇంకో పావు తిప్పు.

బొడ్డు సన్యాసయ్య, వాల్తేరు రైలు షెడ్డు కుర్రాడు,
యుద్ధంలో విమానాల ఫిట్టరై
ముహర్రక్ ఇసకలో రెండు వేసవులున్నాడని
మాకు తెలిసిందంతే.
చివరి జ్వరంలో అత్త చెయ్యి పట్టుకుని అడిగాడట,
"బిగించానా?"
"బిగించావు నాన్నా."
"నువ్వు చూసావేటి?"

అప్పుడు చెప్పాడు, మూడు రాత్రులు, ముక్కలుగా.
డబ్బాల్లో వచ్చే పెట్రోలుని మేకతోలులో వడకట్టేవాడు,
రేణువు దిగితే ఇంజను దగ్గుతుందని.
ఆ పొద్దు దుమ్ము లేచింది. తొందర.
రెక్క మీద మూత, కాగితం మీద సంతకం,
లోపల ఇద్దరు.
అది వెళ్లింది. రాలేదు.
ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.
అంటే బాగుండేదన్నాడట.

నేను ఇదే ముహర్రక్‌లో ఎక్స్‌రే తీస్తాను.
తాత కోసం రాలేదు, ఏజెంటు ఇక్కడికన్నాడు, వచ్చాను.
విరిగిన తొడలో వేసిన మరని
ఎముక పట్టుకుందో లేదో చెప్పడం నా పని.

ఈ ఏడు, సముద్రాన్ని పూడ్చేవాళ్లు ఇసక తోడుతుంటే
గొట్టం మూతికి రెక్క తగిలింది.
ఎత్తి, రేకుల షెడ్డులో పెట్టి,
మంచినీళ్లలో నానేశారు, ఉప్పు దిగడానికి.
కాపలా జగిత్యాల గంగరాజం.
"ఎవ్వల్ని రానియ్యద్దన్నరు సార్.
గనీ మీ తాత చెయ్యి వడ్డదంటున్నవ్.
చెప్పులిడిశి రా."
ఎందుకిడవాలో నేనడగలేదు.

ఎంత చిన్నది!
ఇద్దరు మనుషుల్ని ఇందులో పెట్టి గాల్లోకి వదిలారా.
ఈ ఊరి మగాళ్లు ముక్కుకి పట్టీ పెట్టుకుని
ముత్యాలకి మునిగిన నీళ్లే ఇవి;
వాళ్లకి చిక్కని చిప్పలన్నీ
రెక్క మీద కాపురం పెట్టాయి.
కె అక్షరం ఉండాలన్నాడు తాత.
కె అనుకుంటే కె లాంటి గీత ఒకటుంది.

ఆ ఇద్దరి మనవలు ఏ దేశంలోనో
ఫోనులో ఇదే రెక్కని పెద్దది చేసుకుని చూస్తుంటారు.
వాళ్లకి నేనేమవుతాను?
తోడల్లుడికీ, వియ్యపురాలికీ,
మేనత్త ఆడపడుచుకీ కూడా వరస కట్టే భాష మాది.
దీనికి మాత్రం పిలుపు లేదు.

మూత ఉంది.
అరచేతంత, రెక్క మొదట్లో.
గంగరాజం టార్చి పట్టాడు. వేళ్లు పెట్టి తిప్పాను.
కదల్లేదు.
తాత బిగింపో
ఎనభై ఏళ్ల సున్నం బిగింపో.

తర్వాత మ్యూజియం వాళ్లకి ఎక్స్‌రే మనిషి కావాలంటే
నేనే చెయ్యెత్తాను.
మూత, మర, ఉప్పు, ఆల్చిప్ప,
తెర మీద అంతా ఒకటే తెలుపు.
ఎండన్నం మెతుకుల్లా అతుక్కుపోయి.
కోణం మార్చి మార్చి తీశాను.
మనిషి ఎముకైతే చెప్పేవాణ్ణి.

రాత్రి పెద్దత్తకి ఫోను చేశాను.
"మూత ఉందత్తా."
అటువైపు కుక్కరు కూత, తర్వాత ఏమీ లేదు.
"తిప్పి సూసావేటి?"
"చూశాను. రాలేదు."
అబద్ధం కాదు.
ఆల్చిప్పల సంగతి నేను చెప్పలేదు,
ఆవిడ అడగలేదు.
"మీ తాత కట్టింది ఎవలికొచ్చింది గనకరా," అంది,
ఇంకేదో అనబోయి,
పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసింది.